ధర చీటీ తీయని నల్లపూసలు

2023 సెప్టెంబర్‌లో ఒక శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నరకి ఆఫీసు నుంచి వచ్చి తలుపులో తాళంచెవి పెట్టాను. తిరగలేదు. ఇంకోసారి పెట్టి చూశాను. అప్పుడు గమనించాను, అది మా తాళం కాదు. కొత్తది. దాని మీది ప్లాస్టిక్ కవరు ఇంకా పూర్తిగా ఊడనే లేదు. నేను కలిసి ఉంటున్న మనిషికి ఫోన్ చేస్తే తను ఎత్తలేదు. కిందికి దిగితే వాచ్‌మన్ అన్న నా మొహం చూడకుండా, "మేడం, సార్ గేట్ యాప్‌లో మీ పేరు తీసేయించారు. ఇంక మిమ్మల్ని విజిటర్ కింద రాయాలంట" అన్నాడు.

ముప్పై ఒక్క నెలలు నేను ఈఎంఐలో వాటా పంపిన ఫ్లాట్ అది. వంటింట్లో అరల రంగు దగ్గర్నుంచి బాల్కనీలో తులసి కుండీ దాకా నేను ఎంచుకున్నవే. వాచ్‌మన్ అన్న రిజిస్టర్‌లో నా పేరు రాశాడు. 'ఎవరి కోసం వచ్చారు' అనే గడి దగ్గరికి వచ్చేసరికి ఆగి, పెన్ను నా చేతికి ఇచ్చాడు. నేనూ ఏమీ రాయలేకపోయాను. ఆటో పిలుచుకుని నిజాంపేటలో ఉన్న చెల్లి ఇంటికి వెళ్లిపోయాను.

మాకు పెళ్లి కాలేదు. ఆరేళ్లు కలిసి ఉన్నాం. మాది ఖమ్మం వైపు, తనది పశ్చిమ గోదావరి. రెండిళ్లలోనూ మాట కులం దగ్గరే ఆగిపోయింది. 'వాళ్లు మెత్తబడ్డాక చేసుకుందాం' అనుకుంటూ మొదలుపెట్టి, కొన్నాళ్లకి అలా అనుకోవడం కూడా మానేశాం. ఎందుకు విడిపోయామో ఇక్కడ రాయను. అందులో నా తప్పులూ ఉన్నాయి. ఇది ఇంటి గురించి రాస్తున్నది.

అసలు కథ 2017లో మియాపూర్‌లో ఇల్లు వెతుక్కోవడంతో మొదలైంది. అప్పుడు ప్రతి గేటుకీ 'ఫ్యామిలీకి మాత్రమే' అనే బోర్డు కనిపించేది. మూడు ఇళ్ల దగ్గర ఉన్నదున్నట్టు చెప్పాం. ఒకాయన మర్యాదగానే వద్దన్నాడు. ఒకావిడ తలుపు వేసేసింది. ఇంకొకాయన ఇస్తానని అడ్వాన్స్ తీసుకుని, రాత్రికి రాత్రి ఫోన్ చేసి మా అబ్బాయి వద్దంటున్నాడన్నాడు. పెళ్లి కాని ఇద్దరికి ఇల్లు అద్దెకివ్వకూడదని ఏ చట్టంలోనూ లేదు. మేజర్లయిన ఇద్దరు కలిసి ఉండటం నేరం కాదని సుప్రీంకోర్టు 2010లో ఖుష్బూ కేసులో స్పష్టంగానే చెప్పింది. కానీ ఇచ్చి తీరాలని ఇంటాయన్ని అడిగే చట్టం కూడా లేదు. నేరం కాకపోవడం వేరు, ఇల్లు దొరకడం వేరు.

నాలుగో ఇంటికి వెళ్లేముందు కూకట్‌పల్లిలో ఒక వన్ గ్రామ్ గోల్డ్ షాపులో ఆగాం. 350 రూపాయలు పెట్టి నల్లపూసలు కొన్నాను. మెట్టెలు కూడా చూశాను గానీ సైజు దొరకలేదు. ఇంటి ఓనర్లు రిటైరైన దంపతులు. ఆంటీ ఆధార్ కాపీలు చూసి, "ఇంటిపేర్లు వేరువేరుగా ఉన్నాయేమ్మా?" అంది. "పెళ్లయ్యాక ఇంకా మార్పించుకోలేదాంటీ" అన్నాను. మా ఇద్దరి అబద్ధాల్లో అది మొదటిది. అంత తేలిగ్గా వస్తుందని నాకే తెలియదు. పదకొండు నెలల అగ్రిమెంట్‌లో నా పేరు పక్కన 'వైఫ్ ఆఫ్' అని టైప్ చేయించారు. మన దగ్గర అందరూ పదకొండు నెలలకే రాసుకుంటారు. మేం ఆ కాగితాన్ని మూడుసార్లు తిరగరాయించుకున్నాం. మూడుసార్లూ వైఫ్ ఆఫే.

2020 చివర్లో బాచుపల్లిలో రెండు బెడ్‌రూముల ఫ్లాట్ కొన్నాం. 'కొన్నాం' అని ఇప్పటికీ అలవాటుగా వచ్చేస్తుంది, కొన్నది తను. బ్యాంకులో నన్ను కో-అప్లికెంట్‌గా తీసుకోమంటే, భార్య అయితే మ్యారేజ్ సర్టిఫికెట్ ఇవ్వండి, లేదంటే అమ్మానాన్నల్ని పెట్టుకోండి అన్నారు. సేల్ డీడ్‌లో పేరుండాలంటే లోన్‌లోనూ ఉండాలి, లోన్‌లో ఉండాలంటే భార్య అయి ఉండాలి. అక్కడితో ఆ దారి మూసుకుపోయింది. మా ఇద్దరి మధ్యయినా ఒక కాగితం రాసుకోవాల్సింది. తను "మనలో మనకి కాగితాలేంటి?" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది, ఆ మాటకి నేను మురిసిపోయాను కూడా. నెలకి 20,000 తన ఖాతాకి పంపేదాన్ని. మాడ్యులర్ కిచెన్, వార్డ్‌రోబ్‌లు, లైట్లు కలిపి 4,80,000 నేనే కట్టాను.

తాళం మారిన మర్నాడు పోలీస్ స్టేషన్‌కి వెళ్లాను. "ఇల్లు ఎవరి పేరున ఉందమ్మా?" అని అడిగారు. తన పేరున అన్నాను. "పెళ్లయిందా?" లేదన్నాను. ఆయన పెన్నుకి మూత పెట్టేశాడు. "ఇంకేముందమ్మా, ఇది సివిల్ మేటర్. పెద్దవాళ్లని పిలిపించి మాట్లాడుకోండి." పెద్దవాళ్లు ఉంటే నేను అక్కడికి ఎందుకు వెళ్తాను? బయటికి వస్తుంటే రిసెప్షన్‌లో కూర్చున్న మహిళా కానిస్టేబుల్ మెల్లగా, "అక్కా, మహిళా హెల్ప్‌లైన్ 181కి చెయ్యండి. ఆడవాళ్లకి సాయం చేసే సఖి సెంటర్‌కి పంపిస్తారు" అంది. తర్వాత తెలిసిందేమిటంటే, గృహహింస చట్టం 5వ సెక్షన్ ప్రకారం నాకు ఎలాంటి ఆర్డర్లు అడిగే హక్కుందో, ఈ చట్టం కింద సాయం చేసే ప్రొటెక్షన్ ఆఫీసర్ ఎవరో, ఉచిత న్యాయసహాయం ఎక్కడ దొరుకుతుందో చెప్పాల్సిన బాధ్యత పోలీసులదే. పెన్ను మూత పెట్టేసినాయన చెప్పాల్సింది, ఆ అమ్మాయి చెప్పింది.

సఖి సెంటర్‌లో కౌన్సెలర్ మొదట అడిగిన ప్రశ్న, "కొట్టాడా?" లేదన్నాను. ఎప్పుడూ కొట్టలేదు. అయితే ఇక్కడ నాకేం పని అనుకుని బ్యాగు తీసుకుని లేవబోయాను. ఆవిడ కూర్చోమని, చట్టం పుస్తకం తీసి 3వ సెక్షన్ చదివి వినిపించింది. అందులో దెబ్బలూ తిట్లూ మాత్రమే కాదు, ఆర్థిక హింస అని ఒకటుంది. కలిసి ఉన్న ఇంట్లోకి రానివ్వకపోవడం కూడా దాని కిందికే వస్తుంది. అంటే ఆ కొత్త తాళమే నా కేసు. 2005 నాటి చట్టం, 2006 అక్టోబర్ నుంచి అమల్లో ఉంది. పదిహేడేళ్లుగా ఉన్న చట్టం పేరు విన్నాను గానీ, అది పెళ్లయినవాళ్లకే అనుకున్నాను. 'వివాహం వంటి సంబంధం' అనే మాట అందులో మొదటి నుంచీ ఉందట.

అక్కడినుంచి ప్రొటెక్షన్ ఆఫీసర్ దగ్గరికి పంపారు. ఆవిడ డీఐఆర్ రాసుకుంది, అంటే ఇంట్లో జరిగిందాని మీద రిపోర్టు. రెండుసార్లు తిరగాల్సి వచ్చింది. ఒకసారి ఫారాలు అయిపోయాయి, ఒకసారి ఆవిడ మీటింగ్‌లో ఉంది. ఆ తర్వాత జిల్లా న్యాయసేవాధికార సంస్థ. అక్కడ నా జీతం చూస్తే నవ్వుతారేమో అనుకున్నాను. ఐటీ ఉద్యోగం చేసుకుంటూ ఉచిత లాయర్ అడగడానికి సిగ్గేసింది. "ఆడవాళ్లకి ఆదాయం లిమిట్ లేదండీ, దరఖాస్తు రాయండి" అన్నాడు అక్కడి గుమాస్తా, తల ఎత్తకుండా. వారంలో ప్యానెల్ లాయర్‌ని ఇచ్చారు.

లాయర్ మేడం వయసు యాభై పైనే. మొదటి రోజే ఒక మాట చెప్పింది. "ఇల్లు నాది, నా డబ్బుతో అతని పేరున కొన్నాను అని ఎక్కడా అనకండి. భార్య పేరున కొంటే బినామీ చట్టంలో మినహాయింపుంది. మీకు అది లేదు. మీకు కావలసింది ఉండే హక్కు. యాజమాన్యం కాదు. ఈ రెండూ కలిపితే రెండూ పోతాయి." ఆ మాట నాకు ఎక్కడానికి చాలా రోజులు పట్టింది. చట్టం 17వ సెక్షన్ కలిసి కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు ఇస్తుంది, ఆ ఇంటి మీద నాకు పత్రం ఉన్నా లేకపోయినా సరే. 19వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ నన్ను బయటికి పంపొద్దనొచ్చు, ఇల్లు అమ్మొద్దనొచ్చు, అదే స్థాయి వేరే ఇల్లు చూపించమనొచ్చు, లేదా దాని అద్దె కట్టమనొచ్చు. ఇల్లు మాత్రం నా పేరున రాయమనదు. నేను పెట్టిన డబ్బు కోసం విడిగా సివిల్ దావా వేసుకోవాలి, అదీ మూడేళ్లలోపు.

తర్వాత మేడం అడిగిన ప్రశ్న ఇంకా చిత్రమైనది. "మీరిద్దరూ భార్యాభర్తల్లా ఉన్నారని నలుగురికీ తెలుసా?"

"అందరికీ అబద్ధం చెప్పాం మేడం" అన్నాను, తలదించుకుని.

ఆవిడ కళ్లజోడు తీసి నవ్వింది. "ఆ అబద్ధమే కదమ్మా మీ కేసు!"

2010లో వేలుసామి కేసులో సుప్రీంకోర్టు, వివాహం వంటి సంబంధం అనడానికి ఏమేం ఉండాలో చెప్పింది. ఇద్దరికీ పెళ్లి వయసు రావాలి. చట్టప్రకారం పెళ్లాడే అర్హత ఉండాలి, అంటే ఇద్దరికీ వేరే పెళ్లి ఉండకూడదు. ఇష్టపూర్వకంగా చెప్పుకోదగ్గంత కాలం ఒకే ఇంట్లో కలిసి ఉండాలి. లోకం ముందు భార్యాభర్తల్లా మెలగాలి. 2013లో ఇంద్ర శర్మ కేసులో ఇంకొంచెం వివరించారు: డబ్బులు కలిపి ఖర్చు పెట్టుకున్నారా, ఇంటి పనులు పంచుకున్నారా, నలుగురిలోకి కలిసి వెళ్లారా అని. ఆ కేసులో పద్దెనిమిదేళ్లు కలిసి ఉన్న ఆవిడకి చివరికి ఏమీ దక్కలేదు. అతనికి అప్పటికే పెళ్లయిందని తెలిసే ఉంది కాబట్టి ఈ చట్టం వర్తించదన్నారు.

ఇక్కడ నాకు ఇప్పటికీ ఒక కడుపుమంట ఉంది. మొదటి మూడు ఇళ్ల దగ్గర చెప్పినట్టు 'మాకు పెళ్లి కాలేదు, కలిసి ఉంటున్నాం' అని నిజాయితీగా చెప్పుకుంటూ బతికి ఉంటే, నా కేసు ఇంత గట్టిగా ఉండేది కాదు. పెళ్లి వద్దనుకున్నవాళ్లు పెళ్లయినట్టు నటించారని రుజువు చేసుకుంటేనే వాళ్లకి నిలువ నీడ. ఇంకొకటి కూడా చెప్పాలి. ఇదే తాళం నేను మార్చి ఉంటే, తనకి ఈ చట్టం లేదు. అది ఆడవాళ్ల కోసం పెట్టింది. ఎందుకు పెట్టారో తెలుసు, కానీ కోర్టు వరండాలో కూర్చున్నప్పుడు ఆ ఆలోచన వచ్చింది.

సాక్ష్యాలు పోగుచేయడం నాకు ఈ మొత్తంలో ఎక్కువగా గుర్తున్న భాగం. నా ఆధార్‌లో ఫ్లాట్ అడ్రస్ ఉంది. గ్యాస్ కనెక్షన్ నా పేరున, అదే అడ్రస్‌కి ఉంది. డబ్బు పంపిన స్టేట్‌మెంట్ తీస్తే నవ్వూ ఏడుపూ వచ్చాయి. కొన్నిటి పక్కన నోట్‌లో 'ఈఎంఐ' అని రాశాను, కొన్నిటికి 'మన ఇల్లు' అని, చాలావాటికి ఏమీ లేకుండా ఎర్ర గుండె బొమ్మ ఒకటి. మేడం ఆ గుండెల్ని వేలితో లెక్కపెట్టి, "పద్నాలుగు. వీటికన్నా పద్నాలుగుసార్లు ఈఎంఐ అని రాసుంటే నాకు పని తగ్గేది" అంది.

ఓనర్ ఆంటీ అఫిడవిట్ కావాలన్నారు. ఆమె దగ్గరికి వెళ్లి, ఆరేళ్ల క్రితం చెప్పింది అబద్ధమని ఒప్పుకోవాలి. మియాపూర్ వెళ్తూ దారిలో పళ్లు కొన్నాను, వాటిలో సగం నేనే తినేశాను, అంత టెన్షన్. ఆంటీ కాఫీ ఇచ్చింది. నేను చెప్పడం మొదలుపెట్టగానే చేత్తో ఆపింది.

"నాకు ఆ రోజే తెలుసమ్మా. నీ నల్లపూసలకి వెనకాల ధర చీటీ వేలాడుతోంది."

నాకు నోట మాట రాలేదు. "మరి ఇల్లెందుకిచ్చారాంటీ?"

"అంకుల్‌కి కనబడలేదు కదా" అంది.

అఫిడవిట్ ఇస్తానంది. ఒక్క షరతు పెట్టింది, పెళ్లయిందని మాత్రం రాయనని. మేడం కూడా అదే చెప్పింది, పెళ్లయిందని కోర్టులో ఒక్క ముక్క రాయకూడదు, ఉన్నదున్నట్టు రాయాలి. 'మూడేళ్లు మా ఇంటి పైవాటాలో ఆలుమగల్లాగే కాపురం ఉన్నారు, పండగలకి మేం వాళ్లింటికీ వాళ్లు మా ఇంటికీ వచ్చాం' అని రాయించి, అంకుల్‌కి చదివి వినిపించి మరీ సంతకం పెట్టింది. అంకుల్ నావైపు ఒక చూపు చూసి పేపర్ చదువుకోవడంలో పడ్డాడు.

అన్నిటికన్నా పనికొచ్చింది గృహప్రవేశం వీడియో. 2021 ఫిబ్రవరిలో పాలు పొంగించాం. పంతులుగారు దంపతులు పీటల మీద కూర్చోవాలంటే కూర్చున్నాం. గోత్రం అడిగితే తనది చెప్పాడు. సంకల్పంలో తన పేరు చెప్పి 'ధర్మపత్నీ సమేతస్య' అంటూ నా పేరు చదివారు. ఆ మాట దగ్గర తను నావైపు చూసి నవ్విన నవ్వు వీడియోలో స్పష్టంగా ఉంది. తీసింది మా చెల్లి. రెండు నిమిషాల ఆ ముక్కని పెన్‌డ్రైవ్‌లో వేసి, చెల్లితో సాక్ష్య చట్టం 65బి సెక్షన్ కింద సర్టిఫికెట్ ఇప్పించాం. ఫోన్లో తీసిన వీడియో అయినా, వాట్సాప్ మెసేజ్ అయినా ఆ సర్టిఫికెట్ లేకపోతే సాక్ష్యంగా నిలవదన్నారు. ఇప్పుడు సాక్ష్య చట్టం మారింది, 2024 జూలై నుంచి కొత్త చట్టంలో సెక్షన్ నంబరూ మారింది. సర్టిఫికెట్ అవసరం మాత్రం ఉంది.

అక్టోబర్‌లో పిటిషన్ వేశాం. పిటిషన్ అందిన మూడు రోజుల్లో సాధారణంగా మొదటి వాయిదా ఉండాలని చట్టంలో ఉంది, అరవై రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని కూడా ఉంది. నా మొదటి వాయిదా పందొమ్మిదో రోజున వచ్చింది. నవంబర్ 30న అసెంబ్లీ ఎన్నికలు. నోటీసు అందించాల్సిన ఆఫీసులో సగం మంది ఎలక్షన్ డ్యూటీలో ఉన్నారు. తర్వాత వాళ్ల లాయర్ రాలేదు, ఆ తర్వాత కౌంటర్‌కి, అంటే వాళ్ల జవాబు వేయడానికి, టైం అడిగారు, ఆ తర్వాత సంక్రాంతి సెలవులు. అప్పటికి నేను చెల్లి ఇల్లు వదిలి కేపీహెచ్‌బీలో లేడీస్ హాస్టల్‌లో చేరాను. ముప్పై మూడేళ్ల వయసులో, ముగ్గురు పిల్లల మధ్య నాలుగో మంచం. వాళ్లు నన్ను అక్కా అనాలా ఆంటీ అనాలా అని వారం రోజులు తేల్చుకోలేకపోయారు.

కౌంటర్ చదివిన రోజు నిద్ర పట్టలేదు. నేను తన రూమ్‌మేట్‌నట. నెలనెలా పంపిన 20,000 ఒక గదికి అద్దెట. కిచెన్ నేను 'స్నేహపూర్వకంగా' చేయించానట. ఆరేళ్లు ఒకే దుప్పటి కప్పుకున్న మనిషి రాయించిన మాట అది. మేడం మాత్రం దాన్ని చదివి హుషారైంది. ఆ చుట్టుపక్కల మొత్తం ఫ్లాట్‌కే అంత అద్దె రావడం లేదు, ఒక గదికి ఎవరు ఇస్తారు? అద్దె అయితే అగ్రిమెంట్ ఏది? రూమ్‌మేట్‌ని పీటల మీద ఎవరు కూర్చోబెట్టుకుంటారు?

వాళ్ల లాయర్ వాదన కూడా తక్కువేం కాదు. "ఇంటి ఓనర్‌కి అబద్ధం చెప్పింది, ఇప్పుడు కోర్టుకి నిజం చెబుతోందని ఎలా నమ్ముతాం?" అన్నాడు. కడుపులో తిప్పేసింది. న్యాయంగానే అడిగాడు కదా అనిపించింది. మేడం లేచి, "ఓనర్‌కి అబద్ధం ఇద్దరూ కలిసే చెప్పారండీ, అగ్రిమెంట్ మీద సంతకం ఆయనదే" అంది. మేజిస్ట్రేట్ గారు అగ్రిమెంట్ తిప్పి చూశారు. ఏమీ అనలేదు. ఇంకో వాయిదా ఇచ్చారు.

2024 ఫిబ్రవరిలో మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. మొదటి చూపుకి వివాహం వంటి సంబంధమే కనిపిస్తోందని అందులో రాశారు. కేసు తేలేదాకా ఫ్లాట్ అమ్మకూడదు, ఎవరికీ రాసివ్వకూడదు. నన్ను ఇంట్లో ఉండనివ్వాలి, లేదంటే నెలకి 16,000 అద్దె కట్టాలి. నా వస్తువులు నేను తెచ్చుకోవచ్చు. తను అద్దెకే ఒప్పుకున్నాడు. నిజం చెప్పాలంటే నేనూ అదే కోరుకున్నాను. ఆ ఇంట్లో ఆ మనిషితో ఎలా ఉంటాను? అయినా 'ఉండనివ్వాలి' అనే మాట కాగితం మీద చూసినప్పుడు, ఆ రిజిస్టర్‌లో ఖాళీగా వదిలేసిన గడి గుర్తొచ్చింది. అద్దె మూడో నెలలోనే ఆగింది. మేడం 31వ సెక్షన్ పేరు ఎత్తుతూ నోటీసు ఇచ్చింది. ఆ సెక్షన్ ప్రకారం ప్రొటెక్షన్ ఆర్డర్ మీరితే ఏడాది దాకా జైలు, లేదా 20,000 దాకా జరిమానా, లేదా రెండూ. బకాయి నాలుగు రోజుల్లో వచ్చేసింది.

వస్తువుల కోసం ప్రొటెక్షన్ ఆఫీసర్, ఒక కానిస్టేబుల్‌తో వెళ్లాను. నా సర్టిఫికెట్ల ఫైలు, బట్టలు, కుట్టుమిషన్, అమ్మమ్మ ఇచ్చిన ఆవకాయ జాడీ. లిస్టు ముందే రాసిచ్చాం, రాయనిది ముట్టుకోకూడదు. మిక్సీ రాయడం మర్చిపోయాను. తను బాల్కనీలో నిలబడి ఉన్నాడు, మేం దిగిపోతుంటే లోపలికి వెళ్లి మిక్సీ తెచ్చి లిఫ్ట్‌లో పెట్టాడు. మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. తులసి కుండీ ఎండిపోయింది.

మెయిన్ కేసు చివరిదాకా నడపలేదు. మేడం నడుపుదాం అంది, నాకే ఓపిక అయిపోయింది. 2024 సెప్టెంబర్‌లో లోక్ అదాలత్‌లో రాజీ అయ్యాం. నేను పంపిన 6,20,000, కిచెన్‌కి పెట్టిన 4,80,000 కలిపి పదకొండు లక్షలు అడిగితే ఏడున్నర లక్షలకి తెగింది, రెండు విడతల్లో. లోక్ అదాలత్ అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. మిగతాది పోయినట్టే. ఆరేళ్లకి అద్దె కట్టాననుకుంటే సరిపోతుందని చెల్లి అంది. దాని లెక్క దానిది.

ఈ సంగతి ఆఫీసులో ఎలా పాకిందో తెలియదు గానీ, ఇప్పుడు నెలకొకరైనా క్యాంటీన్‌లో పక్కన కూర్చుని నెమ్మదిగా అడుగుతారు. అద్దె ఇల్లయితే అగ్రిమెంట్‌లో ఇద్దరి పేర్లూ టెనెంట్లుగా పెట్టుకోమంటాను, ఒక్కరి పేరే ఉంటే రెండోవాళ్లు ఎప్పటికీ అతిథే. కొంటే పేరుండేలా చూసుకోమంటాను, కుదరకపోతే ఎవరు ఎంత పెట్టారో స్టాంపు పేపరు మీద రాసుకోమంటాను. వీలునామా సంగతి చెబితే మాత్రం అందరూ మొహం పక్కకి తిప్పుకుంటారు. కానీ వీలునామా లేకుండా పోతే, ఎన్నేళ్లు కలిసున్నా హిందూ వారసత్వ చట్టం జాబితాలో సహజీవనం చేసినవాళ్లు లేరు. ఇల్లు అమ్మానాన్నలకో అన్నదమ్ములకో వెళ్తుంది. ఒకసారి ఇద్దరు అబ్బాయిలు కలిసి వచ్చి అడిగారు, నాలుగేళ్లుగా జంటగా ఒకే ఇంట్లో ఉంటున్నారు. నేను వాడుకున్న చట్టం వాళ్లకి పనికిరాదు. పెళ్లి హక్కు ఇవ్వలేమని సుప్రీంకోర్టు 2023 అక్టోబర్‌లోనే చెప్పేసింది. బ్యాంకులో జాయింట్ ఖాతా తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి అడ్డేమీ లేదని 2024 ఆగస్టులో కేంద్రం స్పష్టం చేసింది కాబట్టి అక్కడినుంచి మొదలుపెట్టమన్నాను. అంతకుమించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది.

లోక్ అదాలత్ అయిన నెలకి నిజాంపేటలో ఇల్లు వెతికాను. నల్లపూసలు కోర్టు కాగితాల ఫైల్లోనే ఉన్నాయి, ధర చీటీతో సహా. వాటిని తీయలేదు. "హస్బెండ్ ఏం చేస్తారు?" అని అడిగిన ప్రతిచోటా, "పెళ్లి కాలేదండీ, ఒక్కదాన్నే ఉంటాను" అన్నాను. నాలుగిళ్లు పోయాయి. అయిదో ఇంటాయన మా నాన్న నంబరు అడిగి, నా ముందే ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాడు. నాన్న నాతో సరిగా మాట్లాడి ఏడేళ్లు. "అమ్మాయి అద్దె టైముకి కడుతుందా అండీ?" అని అడిగాడాయన. కాసేపు ఏమీ వినబడలేదు. "కడుతుంది" అన్నాడు నాన్న, పెట్టేశాడు.

టైపిస్టు, "వైఫ్ ఆఫ్ కొట్టమంటారా, డాటర్ ఆఫ్ కొట్టమంటారా?" అన్నాడు. డాటర్ ఆఫ్ అన్నాను. ప్రింటు తీసుకుని మొత్తం చదివాను. ఏడో లైనులో 'మగవాళ్లు ఎవరైనా వస్తే ఓనర్‌కి ముందుగా తెలపవలెను' అని ఉంది. ఇది ఉంటే సంతకం పెట్టనన్నాను. ఇంటాయన టైపిస్టు వైపు చూశాడు, టైపిస్టు నావైపు చూశాడు. చివరికి ఆ లైను అడ్డంగా కొట్టేసి, పక్కన ఇద్దరం పొట్టి సంతకాలు పెట్టాం. అక్కడే నిలబడి డబ్బు పంపాను. నోట్‌లో 'సెక్యూరిటీ డిపాజిట్, రెండు నెలలు, ఫ్లాట్ 304' అని రాసి, ఒకసారి చదువుకుని, అప్పుడు పిన్ కొట్టాను.